ఊరి పేరు ముందున్న మాట

పత్రికలో నేను చేసిన మొదటి తప్పు ఒక రైలును ఆపింది. కాగితం మీద మాత్రమే ఆపింది. పట్టాల మీద అది ఆగలేదు.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. రైళ్ల వేళలు మారాయని, ఆ పట్టిక సరిచూసే పని నాకు అప్పగించారు. ఒక రైలు ‘పూండిలో ఆగదు’ అని ఉండాల్సిన చోట ‘పూండిలో ఆగును’ అని పడింది. మర్నాడు పొద్దున్నే ఒక పెళ్లివారు పిల్లాజెల్లాతో, సామాన్లతో పూండి స్టేషన్లో నిలబడ్డారు. రైలు వాళ్ల ముందు నుంచే దుమ్ము లేపుకుంటూ పలాస వైపు వెళ్లిపోయింది. పెళ్లిపెద్ద ఆ సాయంత్రమే పేపరు చేత్తో పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ముహూర్తం తప్పలేదట గానీ పొద్దుటి ఫలహారాలు తప్పాయట.

అప్పటి మా ఎడిటరు నన్ను తిట్టలేదు. సవరణ నా చేతే రాయించారు. ‘జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం’ అని నేను మొదలుపెడితే ఆ వాక్యం కొట్టేసి, చింత తరవాత పడుదువుగాని, ఏది తప్పు రాశామో, ఏది నిజమో ముందు చెప్పు అన్నారు. ఆ మాట ముప్పై ఏళ్లు నా వెంట ఉంది. ఉండి కూడా, కావలసిన రోజున గుర్తు రాలేదు. ఆ రోజు సంగతే ఇప్పుడు రాస్తున్నాను. ఫోన్లోనే వార్త రాసి, ఫోన్లోనే దిద్ది, ఫోన్లోనే పంపేస్తున్న మీబోటి వాళ్లకు ఎక్కడైనా పనికొస్తుందేమోనని.

మాది జిల్లా దాటని చిన్న దినపత్రిక. హెడ్డాఫీసు శ్రీకాకుళంలో ఉండేది. టెక్కలిలో మెయిన్ రోడ్డు వెనక ఒక మేడ మీద మూడు గదులు అద్దెకు తీసుకుని, పలాస, టెక్కలి, ఉద్దానం వార్తలకు రెండు పేజీలు అక్కడే కట్టేవాళ్లం. రిటైరవడానికి ముందు ఆరేళ్లు ఆ డెస్కు ఇన్‌ఛార్జిని నేనే. పేజీలు కట్టే ఆపరేటర్లు సాయంత్రం వచ్చి వెళ్లేవారు. రోజంతా నాతో ఉండేది ఇద్దరు.

ఒకరు ప్రూఫులు చూసే మాస్టారు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక మా దగ్గర చేరారు. ఒక్కో పంక్తి కింద స్కేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేవారు. ఎవరైనా తొందరపెడితే స్కేలు అక్కడే వదిలేసి, కిందికి దిగి టీ తాగి వచ్చేవారు. అందుకని ఆయన్ని ఎవరం తొందరపెట్టేవాళ్లం కాదు.

రెండో మనిషి వెబ్‌సైటు చూసే అమ్మాయి. సోంపేట వైపు నుంచి వచ్చి టెక్కలిలో హాస్టల్లో ఉండేది. ఇంటికి ఫోన్ చేస్తే సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడేది. మాతో మాత్రం పుస్తకం చదివినట్టు మాట్లాడేది. వార్త రాగానే వెబ్‌లో పెట్టి, దాని లింకు మండలాల వారీగా ఉన్న ఫోను గ్రూపుల్లో వెయ్యడం ఆమె పని. హెడ్డాఫీసు నుంచి ఆమెకు రోజూ వచ్చే ప్రశ్న ఒక్కటే: మనకంటే ముందు ఎవరు పెట్టారు?

ఇప్పుడు చూస్తే మా ఆఫీసులో ఒకే పత్రికకు రెండు కొలతలు ఉండేవని తెలుస్తోంది. పేపరులో పడే ప్రతి అక్షరం విలేకరి, నేను, మాస్టారు, మళ్లీ నేను చూశాక గానీ వెళ్లేది కాదు. వెబ్‌లోకి వెళ్లేదానికి ఒక్క చూపు, అదీ చాలాసార్లు ఫోన్లో విని సరే అనడమే. అచ్చయిపోతే దిద్దలేం, వెబ్‌లో అయితే ఎప్పుడైనా దిద్దుకోవచ్చు అన్నది నా లెక్క. లెక్క తప్పని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా రెండు ఊళ్లున్నాయి. పేర్లు రాయను. ఇద్దరన్నదమ్ముల్లా రెండింటికీ ఒకటే పేరు. ఒకదాని ముందు ‘పెద్ద’, ఇంకోదాని ముందు ‘చిన్న’. ఇక్కడికి పెద్దూరు, చిన్నూరు అనుకుందాం. మధ్యలో జీడితోటలు, ఒక ఇసకదారి. రెండు చోట్లా సముద్రంలో చేపల వేటకెళ్లే కుటుంబాలే ఎక్కువ. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలియంది కాదు. కారణం ఇదీ అని తేల్చి చెప్పినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. కానీ ఆ ఊళ్లలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అనుమానం ముందు నీళ్ల మీదికే పోతుంది. అందుకే రెండు ఊళ్లలోనూ మంచినీళ్ల ప్లాంట్లు పెట్టారు. నీళ్లు వడకట్టి క్యాన్లలో పోసి ఇస్తారు.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం. పలాస విలేకరి ఒక వార్త పంపాడు. ఆయన పొద్దున బీమా ఏజెంటు, మధ్యాహ్నం నుంచి విలేకరి. చాలామంది విలేకర్లు అంతే, ఒక్క పనితో ఇల్లు గడవదు. నీటి పరీక్షలో ఫలానా ఊరి ప్లాంటు నీళ్లు తాగడానికి పనికిరావని తేలిందనీ, ఫిల్టర్లు మార్చేదాకా ఎవరూ వాడొద్దని అధికారుల నుంచి లేఖ వచ్చిందనీ రాశాడు. ఊరి పేరు రాశాడు. పేరు ముందు పెద్ద లేదు, చిన్న లేదు.

నేను ఇంట్లో భోజనం చేస్తున్నాను. వెబ్ అమ్మాయి ఫోన్ చేసింది. విలేకరి ఫోన్ ఎత్తడం లేదనీ, ‘ఉద్దానంలో మరో ఊరి నీళ్లు విషం’ అని వేరే సైటు వాళ్లు ఊరి పేరు లేకుండా అప్పుడే పెట్టేశారనీ, హెడ్డాఫీసు నుంచి రెండుసార్లు అడిగారనీ చెప్పింది.

‘‘పెద్దూరా, చిన్నూరా సార్?’’

నా చెయ్యి పప్పన్నంలో ఉంది. ప్లాంటు ముందు వచ్చింది పెద్దూరికే కదా, అదే పాతబడి ఉంటుంది అనుకున్నాను.

‘‘పెద్దూరే అయ్యుంటుంది. పెట్టెయ్యమ్మా.’’

‘‘లేఖ కాపీ వచ్చేదాకా ఆగుదామా సార్?’’

‘‘తేడా వస్తే మార్చుకోవచ్చులే. వెబ్బే కదా.’’

ఫోన్ పెట్టేసి పెరుగు వేసుకున్నాను. నా సర్వీసు మొత్తంలో ఇంతకంటే తేలిగ్గా తీసుకున్న నిర్ణయం ఇంకోటి లేదు.

సాయంత్రం ఆరు దాటాక మాస్టారు పేజీ ప్రూఫు ముందు కూర్చున్నారు. స్కేలు ఆ వార్త మీదికి వచ్చి ఆగింది. ఈ పేరుతో ఊళ్లు రెండున్నాయి కదండీ, ఇది పెద్దూరేనా అని అడిగారు. అవునన్నాను. లేఖ మీరు చూశారా అన్నారు. చూడలేదన్నాను. ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారంటే పేజీ కదలదని అర్థం.

విలేకరికి మళ్లీ ఫోన్ చేశాం. ఈసారి ఎత్తాడు. మధ్యాహ్నం ఎవరింట్లోనో పాలసీ కాగితాలు రాయిస్తున్నాడట. లేఖ ఫొటో పంపాడు. అందులో స్పష్టంగా చిన్నూరు అని ఉంది, పెద్దూరు నీళ్లు పరీక్షలో నిలిచాయనీ ఉంది. మాస్టారు పెన్ను తీసి, పేరు ముందున్న ‘పెద్ద’ కొట్టేసి ‘చిన్న’ రాశారు. మర్నాడు పేపరు సరిగ్గానే వచ్చింది.

వెబ్‌లోనూ మార్చమని అమ్మాయికి చెప్పాను. మార్చింది. మార్చాక నా టేబులు దగ్గరకొచ్చి నిలబడింది. వార్త పైన సవరణ అని ఒక లైను పెడతాననీ, మధ్యాహ్నం చదివినవాళ్లకు పేరు మారిందని తెలియాలి కదా అనీ అంది. నేను వద్దన్నాను. ఆ లైను పెడితే పక్క సైటు వాళ్లు ఫొటో తీసి నవ్వుతారు, హెడ్డాఫీసు వాళ్లు సంజాయిషీ అడుగుతారు. నాలుగు గంటలే కదా ఉంది, ఎవరు చూశారులే అన్నాను. ఆమె తన సీటుకు వెళ్లింది. కాసేపు తెర వైపు చూస్తూ కూర్చుని, బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది.

నేనూ ఇంటికి వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు గర్వంగా కూడా అనిపించింది. చూశారా, అచ్చు పేపరు అచ్చు పేపరే, తప్పు దాన్ని దాటి పోలేదు అని మా ఇంట్లో చెప్పుకున్నాను కూడా.

నాలుగో రోజు ఉదయం పదకొండింటికి మా మేడ మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. యాభై దాటిన ఆవిడ. ఒక చేతిలో అయిదు లీటర్ల తెల్ల క్యాను, ఇంకో చేతిలో గుడ్డసంచి. క్యాను తీసుకొచ్చి నా టేబులు మీద, ప్రూఫు కాగితాల మీదే పెట్టింది. సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి నీళ్లు పోసింది.

‘‘పేపరోలు మీరేనా బాబూ? తాగండి.’’

ఎవరమ్మా మీరు అన్నాను.

‘‘పెద్దూరు ప్లాంటు నాదే సూత్తాను. ముందు తాగండి, తరవాత సెప్తాను.’’

తాగాను. ఆమె కుర్చీలో కూర్చుని, తొందరేమీ లేకుండా చెప్పింది. మహిళా సంఘం తరఫున ఆ ప్లాంటు ఆమే నడుపుతోంది. భర్త వేటకెళ్లేవాడు. కిడ్నీ జబ్బుతో మూడేళ్లుగా మంచం పట్టాడు, వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు తీసుకెళ్లాలి. ప్లాంటు పెట్టిన కొత్తలో ఆ నీళ్లు చప్పగా ఉన్నాయని ఎవరూ పట్టుకెళ్లేవారు కాదట. ఇంటింటికీ తిరిగి, మా ఆయన్ని చూడండి, మీకూ అలా కావాలా అని చెప్పి చెప్పి రెండేళ్లకు ఊరంతటికీ అలవాటు చేసిందట. ఇప్పుడు నాలుగు రోజులుగా క్యాను పట్టుకుని వచ్చేవాళ్లు లేరు. ఊరు మళ్లీ పాత బోరింగు దగ్గరకు వెళ్లిపోయింది.

మా వార్త మధ్యాహ్నం పెట్టిన పది నిమిషాలకే ఎవరో దాన్ని తెర మీదే ఫొటో తీసి ఊరి గ్రూపులో వేశారు. మర్నాడు ఆమె పేపరు కొనుక్కొచ్చి, ఇదిగో చిన్నూరు అని ఉంది చూడండి అని తిరిగింది. పేపర్లో ఒకటి, ఫోన్లో ఇంకోటా అన్నారు. చదువుకున్న పిల్ల ఒకత్తెను బతిమాలి మా వెబ్‌సైటు తెరిపించి చూపిస్తే, అందులోనూ చిన్నూరే ఉంది. అది చూశాక అనుమానం ఇంకా పెరిగింది. ఈవిడే ఎవరినో పట్టుకుని పేరు మార్పించింది అన్నారు.

‘‘మజ్జానం ఓ ఊరు, సాయంత్రం ఇంకో ఊరు. మజ్జిలో నీల్లు మారిపోనాయా బాబూ, ఊరు మారిపోనాదా? నానేటని సెప్పీది?’’

ఆ సాయంత్రం మేం ఒక్క లైను పెట్టి ఉంటే ఆమె దాన్ని చూపించేది. మేం తప్పును శుభ్రంగా తుడిచేశాం. తుడిచేసిన చోట మరక ఆమె మీద పడింది.

మజ్జానం ఆ పేరు రాసినోలు ఎవులు అని ఆమె అడిగింది. మూలన కంప్యూటరు ముందున్న అమ్మాయి లేచి నిలబడింది.

‘‘నేనే అమ్మా.’’

ఒక క్షణం నేను మాట్లాడలేదు. ఇది రాయకుండా దాటెయ్యొచ్చు, కానీ మీకోసం రాస్తున్నాను. ఆ ఒక్క క్షణంలో, పోనీలే, ఆమే ఒప్పుకుంటోంది కదా అని నా మనసులోకి వచ్చింది. మాస్టారు స్కేలు మీద నుంచి తలెత్తి నా వైపు చూశారు.

‘‘ఆ అమ్మాయి నన్ను అడిగిందమ్మా. ఆగుదామని కూడా అంది. పెద్దూరని చెప్పింది నేను. చూడకుండా చెప్పాను.’’

ఆమె నన్నూ, ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

‘‘అయితే ఆ మాట మా ఊర్లోకొచ్చి సెప్పండి. నాను సెప్తే నమ్మరు’’ అంది.

రేపు పొద్దున్న వస్తానన్నాను. క్యాను ఖాళీ చేసి ఇచ్చెయ్యమని అడిగి, మా కుండలో నీళ్లు పోయించి, ఖాళీ క్యాను తీసుకుని వెళ్లిపోయింది.

ఆవిడ మెట్లు దిగగానే అమ్మాయికి సవరణ రాయమని చెప్పాను. రాసిపెట్టుకునే ఉంది. నాలుగు రోజుల కిందటే రాసి దాచుకుందట. పెద్దూరు ప్లాంటు నీళ్లు పనికిరావని ఫలానా రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ఈ వెబ్‌సైటులో ఉన్న వార్త తప్పు, పరీక్షలో నిలవనివి చిన్నూరు ప్లాంటు నీళ్లు, పెద్దూరు నీళ్లలో ఏ లోపమూ కనబడలేదు, సరిచూడకుండా పెట్టింది మేమే. అంతే. చింతించడం, విచారించడం ఏమీ లేవు. నేను ‘నాలుగు రోజులు ఆలస్యంగా’ అని ఒక మాట చేర్చాను.

దీన్ని రేపు పేపర్లో కూడా వేద్దామన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. పేపరు తప్పు రాయలేదు కదండీ, రాయని తప్పుకు సవరణ ఎందుకు, పేపరు పరువు పోదా అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. పేపర్ని అంత శుభ్రంగా ఉంచింది ఆయనే. కానీ పేపరుకూ వెబ్‌కూ పైన ఉన్న పేరు ఒకటే కదా మాస్టారూ, పెద్దూరి వాళ్లకు మనం ఒక్క మనిషిమే, మధ్యాహ్నం ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్పే మనిషిమి అన్నాను. ఆయన కిందికి దిగి టీ తాగి వచ్చారు. వచ్చి, సరే అలాగే వెయ్యండి, ప్రూఫు మాత్రం నేనే చూస్తాను అన్నారు.

వెబ్‌లో సవరణ పెట్టిన గంటకు హెడ్డాఫీసు నుంచి ఫోను. అప్పటి న్యూస్ ఎడిటరు నాకంటే పదేళ్లు చిన్నవాడు, చెడ్డవాడు కాదు. వార్త ఇప్పుడు సరిగ్గానే ఉంది కదా, పాత తప్పును మనమే తవ్వి చూపించుకోవడం ఏమిటి, తీయించెయ్యండి అన్నాడు. ఇంకెవరితోనైనా తీయించుకోండి, నేను మాత్రం తియ్యమని చెప్పను అన్నాను. అయితే రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి మరి అన్నాడు. ఇస్తానన్నాను. నా రిటైర్మెంటుకు అప్పటికి ఎనిమిది నెలలే ఉంది. అలాంటివాడి ధైర్యానికి పెద్ద విలువ లేదు. ఆ అమ్మాయి ముందే అడిగింది చూశారా, ఆమెకు ఇంకా ముప్పై ఏళ్ల ఉద్యోగం ఉంది. ధైర్యం ఆమెది.

మర్నాడు ఆ అమ్మాయీ నేనూ పలాస దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో పెద్దూరు వెళ్లాం. లేఖ కాపీ, విలేకరి తెచ్చిచ్చిన పెద్దూరు నీళ్ల పరీక్ష కాగితం, సవరణ పడ్డ ఆ రోజు పేపరు పట్టుకెళ్లాను. మేం వెళ్లేసరికి వేట నుంచి పడవలు వచ్చేశాయి. ప్లాంటు షట్టరు ఎత్తి ఉంది, లోపల మోటారు నడుస్తోంది, బయట ఒక్క క్యాను లేదు. ఆవిడ మమ్మల్ని చూసి, పక్కనున్న రామమందిరం మైకులో, పేపరోలొచ్చినారు, నీల్ల సంగతి సెప్తారంట, రండి అని పిలిచింది. ఓ ముప్పై నలభై మంది వచ్చారు. వలలు మడతపెడుతున్నవాళ్లు వలలతోనే వచ్చి కూర్చున్నారు.

సభల్లో మాట్లాడినవాళ్ల మాటలు రాయడమే గానీ నాకు మాట్లాడటం రాదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అన్నం తింటూ ఫోన్లో చెప్పానని కూడా చెప్పాను. వెనక ఎవరో నవ్వారు. పరీక్ష కాగితం చదివి, అక్కడున్న బడి పంతులుగారి చేతికిచ్చి ఆయన్నీ చదవమన్నాను.

అందరికంటే వెనక నిలబడ్డ ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. ఆయన మాట అక్కడ చెల్లుబడి అవుతుందని మిగతావాళ్లు దారిచ్చిన తీరులోనే తెలిసింది.

‘‘ఆ దినం సూడకుండా రాసినామంటన్నారు. ఈ దినం సూసి రాసినారని మాకెలా తెలిసీది?’’

సరైన ప్రశ్న. దానికి నేను, మీరు నమ్మక్కర్లేదు, ఆ కాగితం చూడండి, అదీ చాలకపోతే ఇంకోసారి పరీక్ష చేయించమని మీరే అర్జీ పెట్టండి, నేను వెంట వస్తాను అన్నాను. ఆయన కాగితాన్ని తిరగేసి, సీలు ఉన్న చోట బొటనవేలు రాసి చూసి, పంతులుగారికి తిరిగి ఇచ్చేశాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

వెబ్ అమ్మాయి ఇంకో పని చేసింది. మొదట ఆ ఫొటో గ్రూపులో వేసింది ఎవరని అడిగింది. ఒకతను చెయ్యెత్తాడు. చెన్నైలో పనిచేసి వచ్చినవాడు. మా సవరణ కూడా అదే గ్రూపులో వెయ్యమని అడిగింది. అతను వెంటనే వేశాడు. వేసి, ‘‘అది పంపితే ఊరంతా సూసినారు మేడమ్. ఇది ఎంతమంది సూత్తారో నాను సెప్పలేను’’ అన్నాడు. అతను అన్నదే జరిగింది. సాయంత్రానికి కూడా దాన్ని చూసినవాళ్లు కొద్దిమందే.

మధ్యాహ్నం దాకా ప్లాంటు ముందు బల్ల మీద కూర్చున్నాం. ఎవరైనా వస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పన్నెండు దాటాక ఒకావిడ చంటిపిల్లను చంకనేసుకుని క్యాను తెచ్చింది. తరవాత ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ రోజుకు అంతే. ప్లాంటు ఆవిడ మాత్రం ముగ్గురొచ్చారు చాలు అంది. వాళ్లింట్లోనే మాకు అన్నం పెట్టింది. మంచం మీదున్న ఆమె భర్త మెల్లగా లేచి కూర్చుని, మా ఆఫీసుకు కరెంటు కోత ఉంటుందా, పేపరు ఎక్కడ అచ్చవుతుంది అని వివరంగా అడిగాడు. నీళ్ల మాట ఎత్తలేదు.

తిరిగి వస్తూ ఆటో చిన్నూరు మీదుగా పోనిమ్మన్నాను. అక్కడి ప్లాంటుకు తాళం వేసి ఉంది. వీధిలో బిందెలు తోముకుంటున్న ఒకావిడను పలకరించాను. పేపరు చూసి మానేశామని చెప్పింది. మొదటి రోజు ఫోన్లో పెద్దూరని వచ్చింది కదా, అందాక మాకు భయంగానే ఉండేది, ఏదో ఊరి నీళ్లు బాగోలేవని ముందే అనుకుంటున్నారు అంది.

‘‘మాది కాదంట అనీసి ఆ సాయంత్రం రెండు క్యాన్లు ఎక్కువే పట్టుకున్నాం బాబూ’’ అంది. ఆమె మామూలుగానే చెప్పింది, నన్ను తప్పుపట్టడానికి కాదు. నేనెవరో కూడా ఆమెకు తెలియదు. పెద్దూరి వాళ్లకు మంచినీళ్లు దూరం చేశానని మాత్రమే అప్పటిదాకా అనుకుంటున్నాను. ఇటువైపు సంగతి నాకు తోచనే లేదు.

తరవాత ఏమైందంటే, పెద్దూరు మెల్లమెల్లగా ప్లాంటుకు తిరిగొచ్చింది. నెల పైన పట్టింది. ఆవిడ వారానికోసారి ఫోన్ చేసి, ఈ వారం ఫలానా వీధి వచ్చినాది అని చెప్పేది. వెనక నుంచి ముందుకొచ్చి నన్ను ప్రశ్నించిన ఆ పెద్దాయన ఇల్లు రాలేదు. మళ్లీ పరీక్ష చేయించి కాగితం తెచ్చి చూపించినా రాలేదు. చివరిదాకా వాళ్లు బోరింగు నీళ్లే తాగారని విన్నాను. వాళ్లింట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఆఫీసులో కొన్ని మార్పులు జరిగాయి. ఊరి పేరు, మనిషి పేరు ఉన్న ఏ వార్తా కాగితం చూడకుండా వెబ్‌లోకి వెళ్లకూడదన్నాం. ఒకసారి పెట్టాక పేరు మార్చాల్సి వస్తే, మార్చామన్న సంగతి పైనే రాయాలన్నాం. మాస్టారు వెబ్ వార్తలు కూడా చూస్తానన్నారు. అక్షరాలు పెద్దవి చేయించుకుని, తెర మీదే స్కేలు పెట్టి చదివేవారు. ‘‘గీతలు పడతాయి మాస్టారూ’’ అని అమ్మాయి మొత్తుకునేది. దీనివల్ల చాలా వార్తల్లో మేం అందరికంటే వెనకబడ్డాం. హెడ్డాఫీసు వాళ్లు సణుగుతూనే ఉన్నారు. నేను రిటైరయ్యాక ఆ పద్ధతి ఎంతకాలం నడిచిందో తెలియదు. టెక్కలి ఆఫీసు ఎత్తేశారని మాత్రం తెలుసు. ఆ అమ్మాయి ఇప్పుడు విశాఖపట్నంలో ఇంకో సంస్థలో ఉంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఈ వారం మూడు సవరణలు పెట్టించాను సార్ అని మార్కులు చెప్పినట్టు చెబుతుంది.

నన్ను అడిగేవాళ్లున్నారు, పేపరు గొప్పదా, వెబ్ గొప్పదా అని. నాకు తెలిసింది ఇంతే. పేపర్లో తప్పు పడితే అది మన కళ్లెదురుగా ఉంటుంది. సిగ్గుతో అయినా దాన్ని ఒప్పుకోక తప్పదు. వెబ్‌లో మన కళ్ల ముందు నుంచి తీసెయ్యొచ్చు. తీసేశాక అది లేదని మనం నమ్మేస్తాం. చదివినవాడి దగ్గర మాత్రం అది అలాగే ఉంటుంది. మాస్టారు ఉండబట్టి పేపరు బతికింది గానీ, కాగితానికి దానంతట అదే నిజాయితీ ఏమీ లేదు. పూండి రైలు అచ్చులోనే ఆగింది కదా.

రిటైరైన రెండేళ్లకు కాశీబుగ్గ బస్టాండులో ఆవిడ కనబడింది. నన్ను ఆమే ముందు గుర్తుపట్టింది. భర్త పోయి ఆరు నెలలైందట. ప్లాంటు ఇంకా తనే చూస్తోందట, ఫిల్టర్లు మొన్ననే మార్పించిందట. పక్కన ఇంకొకావిడ ఉంది, వరసకు ఒదిన అవుతుందట. నన్ను ఆమెకు పరిచయం చేసింది.

‘‘మన నీల్లు పాడైపోనాయని రాసీసినాడని సెప్పాను కాదేటి ఒదినా, ఈ బాబే.’’

ఒదిన నన్ను కిందనుంచి పైదాకా చూసింది. మిగతా సంగతి కూడా చెబుతుందేమోనని నేను కాసేపు ఎదురుచూశాను. ఊరికి వచ్చాననీ, అందరి ముందూ ఒప్పుకున్నాననీ. ఆమె చెప్పలేదు. ఇంతలో వాళ్ల బస్సు వచ్చింది. వస్తాను బాబూ, ఆరోగ్యం జాగర్త అని చెప్పి, సంచి పైకి అందుకుని ఎక్కేసింది.

బస్సు కదిలేదాకా అక్కడే ఉన్నాను. కిటికీ దగ్గరకు వెళ్లి ఆ మాట దిద్దుదామని ఒకసారి అనిపించింది. ముప్పై ఏళ్ల అలవాటు కదా. కానీ ఎంత వెతికినా ఆమె చెప్పిన వాక్యంలో నాకు తప్పేమీ కనబడలేదు.